అభయారణ్యం ప్రకటిస్తే జీవాలు నిజంగా బతుకుతాయా? రోళ్లపాడు పక్క ఊరివాడిగా నా జవాబు

అభయారణ్యాలు పెట్టడం వల్ల జంతువులు, పక్షులు నిజంగా పెరుగుతున్నాయా, లేక బోర్డు పెట్టి ఊరుకోవడమేనా అని అడిగారు. ఏ జీవం గురించి అడుగుతున్నారో చెబితే గానీ దీనికి జవాబు చెప్పలేం. మాది నంద్యాల జిల్లా మిడుతూరు మండలం. మా ఇంటి నుంచి రోళ్లపాడు అభయారణ్యానికి సైకిల్ మీద అరగంట. ఆ కంచె లోపల కృష్ణజింకలు వందలకు పెరిగాయి. ఏ పిట్ట కోసం ఆ కంచె వేశారో ఆ బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మాత్రం కనిపించకుండా పోయింది. రెండూ నా కళ్ల ముందే జరిగాయి.

బట్టమేక పిట్ట కోసమే 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. 614 హెక్టార్లు, అంటే సుమారు పదిహేను వందల ఎకరాల గడ్డి బీడు. ఒక మోస్తరు ఊరి పొలమంత. నాకు పదేళ్లప్పుడు ఒక వానాకాలం పొద్దున నాయన నన్ను కొర్ర చేను గట్టు మీద కూర్చోబెట్టి "కదలొద్దురా" అన్నాడు. ఎదురుగా బీడులో మీటరు ఎత్తున్న మగపిట్ట. తోక వీపు మీదికి ఎత్తేసింది. మెడ కింద తెల్లటి సంచి ఊదుకుని ఊదుకుని దాదాపు నేలకు తగిలేదాకా వేలాడింది. ఖాళీ కుండలో నోరు పెట్టి ఊదితే వచ్చే లాంటి శబ్దం, కాసేపాగి మళ్లీ అదే. ఆ సంచి ఊగడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

ఆ పిట్ట జత కోసం ఇలా ఆడేది, గుడ్డు పెట్టేది గడ్డిలో. సాధారణంగా ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ వట్టి నేల మీద. మేతకు మాత్రం మా చేలలోకి వచ్చేది. మిడతలు, పురుగులు, రాలిన గింజలు, గట్ల మీది రేగుపళ్లు తినేది. పంటకు నష్టమేమీ లేదు కాబట్టి ఎవరూ తరిమేవాళ్లు కాదు. అంటే దాని బతుకులో సగం కంచె బయటే ఉంది. ఆ సగం గురించి ఎవరూ ప్లాన్ చేయలేదు.

తర్వాత అలగనూరు రిజర్వాయరు వచ్చింది, కాలువ నీళ్లు వచ్చాయి. మేమంతా పండగ చేసుకున్నాం, చేసుకోవద్దని ఎవరైనా ఎలా అంటారు? జొన్న, కొర్ర తగ్గిపోయి పత్తి, మొక్కజొన్న వచ్చాయి. వారం వారం మందు కొట్టడం మొదలైంది, మిడతలు పోయాయి. పొలానికో మోటారు, మోటారుకో కరెంటు తీగ. కంచె లోపల గడ్డి మాత్రం బాగానే ఉంది. కానీ తినడానికి బయటకొచ్చే పిట్టకు బయట ఏమీ మిగల్లేదు.

కృష్ణజింకలకు ఈ ఇబ్బంది లేదు. వాటికి గడ్డి చాలు, వేటగాళ్లు రాకపోతే చాలు. ఆ రెండూ దొరికాయి, మంద పెరిగింది. పెరిగిన మంద రాత్రిళ్లు మా చేలల్లో పడింది. నేనూ నాయనా మంచె మీద ఎన్ని రాత్రులు కాపలా కాశామో లెక్కలేదు. ఒకసారి నష్టపరిహారానికి దరఖాస్తు పెడితే ఆఫీసు చుట్టూ తిప్పి తిప్పి రెండు పంటలైపోయాక సగం ఇచ్చారు. ఊళ్లో జనం కోపం జింకల మీద ఆగలేదు, "ఆ పిట్ట వల్లే కదా ఇదంతా" అన్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ మాటే. అంతకుముందు ఆ పిట్టంటే ఊరికి ఇష్టం.

మధ్యప్రదేశ్‌లోని కరేరాలో కూడా ఇదే కథ. బట్టమేక పోయింది, జింకలు పెరిగాయి, చివరికి అభయారణ్యం హోదానే తీసేశారు. అయితే గీత పెద్దదిగా గీస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. మహారాష్ట్రలో నన్నజ్ దగ్గర 1979లో ఏకంగా 8,496 చదరపు కిలోమీటర్లు ప్రకటించారు. ఊళ్లూ పొలాలూ అన్నీ అందులోకే వచ్చాయి. జనానికి ఇబ్బందులే తప్ప పక్షికి ఒరిగింది తక్కువే. తర్వాత దాన్ని 1,222కు కుదించారు. రాజస్థాన్‌లో డెజర్ట్ నేషనల్ పార్క్ 3,162 చదరపు కిలోమీటర్లు ఉన్నా ఈ పిట్ట నమ్మకంగా గుడ్లు పెట్టేది సుదాసరి లాంటి చిన్న చిన్న కంచెల్లోనే. అక్కడ పెద్ద ప్రమాదం కరెంటు తీగలు. పదిహేను కిలోల దాకా బరువుండే పిట్ట, ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగ్గా కనిపించదు, దగ్గరకొచ్చాక పక్కకు తిరగలేదు. 2021లో సుప్రీంకోర్టు తీగలను భూమిలో వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. ఇప్పుడు దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగే ఈ పిట్టలు సుమారు 150 మాత్రమే.

అలాగని అభయారణ్యాలు దండగ అని నేను అనను. మాకు దగ్గర్లోనే నల్లమల ఉంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. పులికి కావలసిన నీళ్లు, మేకలాంటి చిన్న జంతువుల నుంచి కణుజుల (సాంబారు జింకల) దాకా వేట, పిల్లల్ని పెంచుకునే చోటు, దాదాపు అన్నీ ఆ అడవిలోనే దొరుకుతాయి. అందుకే అక్కడ గట్టి కాపలా ఫలితమిస్తుంది. గడ్డి నేల పక్షులకు అలా కుదరదు. కంచె మీద పెట్టే ఖర్చులో కొంతైనా కంచె పక్క రైతు మీద పెట్టాలి. వానాకాలం జొన్న, కొర్ర వేసి మందు కొట్టకుండా వదిలేసిన ఎకరానికి ఇంత అని ఇవ్వాలి. జింకలు తిన్న పంటకు ఆ పంట కాలంలోనే డబ్బు చేతికి రావాలి. ఈ రెండూ ముప్పై ఏళ్ల కింద చేసి ఉంటే మా నాయన లాంటివాళ్లు సంతోషంగా ఒప్పుకునేవాళ్లు.

మీరు రోళ్లపాడు చూడాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం పూట రండి. దూరదేశాల నుంచి వలస వచ్చిన గద్దలు చీకటి పడే ముందు పడుకోవడానికి గడ్డిలోకి దిగుతాయి. జింకల మందలు తప్పకుండా కనిపిస్తాయి. కంచె దగ్గర బండి ఆపి, అటు గడ్డినీ ఇటు పత్తి చేలనూ కాసేపు చూడండి.