"నాకేం వద్దు" అని మాత్రం సంతకం పెట్టకు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నాకేం వద్దత్తా, బయటపడితే చాలు" అన్నావు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. విడిపోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం, అందులో నేను తలదూర్చను. డబ్బు సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఉద్యోగమంతా బ్యాంకు లోన్ల సెక్షన్‌లోనే చేసినదాన్ని.

పెళ్లయ్యాక కొన్నదాంట్లో సగం భార్యదే అనే చట్టం, గోవాలో తప్ప, మన దేశంలో లేదు. ఎవరి పేరున ఉంటే వాళ్లదే. మీ ఇంట్లో ఏం జరిగిందో చూడు. వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ ఈఎంఐ అతని ఖాతాలోంచి పోయింది. సరుకులు, పాప స్కూలు ఫీజు, పనమ్మాయి జీతం, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నీ జీతంలోంచి పోయాయి. అతను కట్టింది ఆస్తిగా మిగిలింది, నువ్వు పెట్టింది ఏ కాగితం మీదా లేదు. పైగా పాప పుట్టాక ఉద్యోగం మానేశావు. ఆ ఏళ్ల పీఎఫ్ లేదు, మళ్లీ చేరినప్పుడు జీతమూ తగ్గింది. విడాకుల తరువాత ఆడవాళ్లు ఎక్కువగా చితికిపోయేది ఇక్కడే. అందుకే ఈ వారమే నీ బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, ఇంటికి నువ్వు పెట్టినదంతా ఏడాదివారీగా రాసుకో. మాటల్లో కూర్చునేటప్పుడు ఆ లెక్క నీ చేతిలో ఉండాలి.

ఇంతకన్నా నన్ను భయపెడుతున్నది ఆ లోన్. రిజిస్ట్రేషన్ అతని ఒక్కడి పేరున ఉంది, లోన్‌లో మాత్రం నువ్వు కో-అప్లికెంట్‌వి. అంటే ఇల్లు నీది కాదు, అప్పు నీది. ఒకప్పుడు ఒకావిడ విడాకుల డిక్రీ, అంటే కోర్టు తీర్పు కాపీ పట్టుకుని బ్యాంకులో నా సీటు దగ్గరకొచ్చింది, "లోన్ ఆయనే కట్టాలని ఇందులో రాశారు కదా మేడమ్" అంటూ. రాసింది నిజమే. కానీ ఆ ఒప్పందం వాళ్లిద్దరిది, అందులో బ్యాంకు లేదు. ఆయన వాయిదాలు ఎగ్గొడితే ఈవిడ సిబిల్ స్కోరు కూడా పడిపోయింది. సొంతానికి చిన్న ఇల్లు కొనుక్కుందామంటే లోన్ పుట్టలేదు. నీకా గతి పట్టకూడదు. తన జీతం మీదే లోన్ నిలబడుతుందని అతను బ్యాంకుకి చూపించి నీ పేరు తీయించాలి, లేదా వేరే బ్యాంకుకి తన పేరున మార్చుకోవాలి. రెండూ కుదరకపోతే అమ్మి తీర్చేయాలి. నీ పేరు తీసేసినట్టు బ్యాంకు లెటర్ చేతికొచ్చాకే చివరి సంతకం.

అతని పరిస్థితి కూడా ఆలోచించు. ఒక ఇల్లు రెండిళ్లయితే బెంగళూరులో రెండు అద్దెలు, రెండు అడ్వాన్సులు. దాని మీద ఈఎంఐ, ఊళ్లో తల్లిదండ్రులు, పాప ఖర్చు. భర్త నికర జీతంలో 25 శాతం సబబని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది. అది అందరికీ వర్తించే లెక్క కాదు. భరణం అడిగితే ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలని 2020లో అదే కోర్టు ఆదేశించింది. హిందూ వివాహ చట్టం కింద భర్త కూడా భార్యను భరణం అడగొచ్చు. ఆవేశంలో అతను ఇవ్వలేనంత ఒప్పుకుంటే, నాలుగు నెలలిచ్చి ఆపేస్తాడు, మళ్లీ నువ్వే కోర్టు చుట్టూ తిరగాలి. అతను నిజంగా కట్టగలిగిందే రాయించుకో.

పరస్పర అంగీకారంతో విడాకులంటే ఏడాది విడిగా ఉండాలి. ఆ తరువాత ఇద్దరూ కలిసి కోర్టును రెండుసార్లు అడగాలి, దాన్నే మోషన్ అంటారు. మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య ఆరు నెలలు. ఆ ఆరు నెలల్ని కోర్టు మినహాయించవచ్చని 2017లోనే ఇంకో తీర్పు వచ్చింది. ఇచ్చే మొత్తంలో సగం మొదటి మోషన్ రోజు, మిగతాది రెండో మోషన్ రోజు జడ్జి ముందు డీడీగా ఇచ్చేలా రాయించు. ఒకేసారి వచ్చే మొత్తానికి సాధారణంగా పన్ను ఉండదు, నెలనెలా వచ్చేదాన్ని ఆదాయంగా చూస్తారు. పాప ఖర్చు విడిగా రాయించు, ఏటా ఎంత పెరగాలో కూడా. నీ భరణం నువ్వు వదులుకున్నా, పాప హక్కు వదులుకునే అధికారం నీకు లేదు.

పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం పూర్తిగా నీది. జాయింట్ లాకర్‌లో ఉంటే ఫోటోలు, బిల్లులు సిద్ధం చేసుకో. నువ్వూ పాపా ఇప్పుడు అతని ఆఫీసు ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. డిక్రీ రాగానే నీ పేరు పోతుంది. కొత్త పాలసీకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఇప్పుడే తీసుకో. పీఎఫ్‌లో, ఎల్ఐసీలో నామినీ పేరు దానంతటదే మారదు, అదీ చూసుకో.

లాయర్ ఫీజుకి వెనకాడకు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల అనే భవనంలో, ఫ్యామిలీ కోర్టున్న చోటే అడగొచ్చు.

ఆదివారం మల్లేశ్వరం రా. లోన్ శాంక్షన్ లెటర్, సేల్ డీడ్ కాపీ, నీ స్టేట్‌మెంట్లు తీసుకురా, కూర్చుని చూద్దాం. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ భారం నీకొద్దు.

ప్రేమతో,
మీ అత్త