ఊరెళ్లని సంక్రాంతి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తెనాలి దగ్గర పల్లె, చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. దసరా ముందు మావారి ఉద్యోగం పోయింది, ఇంకా ఏదీ కుదరలేదు. మావయ్యగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. అందుకే ఈ సంక్రాంతికి ఊరెళ్లడం లేదు, పిల్లలిద్దరూ అలిగి కూర్చున్నారు. ఫోన్ చేసినవాళ్లంతా 'తలదాచుకోను ఇల్లుంది, తినడానికి తిండుంది, మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా, ఉన్నదానికి దేవుడికి దండం పెట్టుకో' అంటున్నారు. వింటుంటే ఒళ్లు మండుతోంది, ఆ తర్వాత అలా మండినందుకు బాధేస్తోంది. మనసులో లేని కృతజ్ఞత ఎక్కణ్నుంచి తెచ్చుకోను? పండగ ఎలా చేయను?
- ఒక సోదరి, కె.ఆర్.పురం

జవాబు: ఒళ్లు మండటంలో తప్పేం లేదమ్మా. ఇంకా కష్టాల్లో ఉన్నవాళ్లను చూపించి ఊరడించడం మనవాళ్ల అలవాటు, మంచి మనసుతోనే అంటారు, కానీ పక్కవాడి కష్టం చూసి హమ్మయ్య అనుకోవడం కృతజ్ఞత ఎలా అవుతుంది? అద్దె కట్టే తేదీ దగ్గరపడుతుంటే టెన్షన్ ఉంటుంది, ఉండనివ్వండి. అది పోతేనే కృతజ్ఞత రావాలని ఎక్కడా లేదు.

కనుమ పండగ మీరు ఊళ్లో చూసే ఉంటారు. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపిస్తారు, ఆ రోజు కాడి కట్టరు. తుఫానుకు చేను పడిపోయిన ఏడాది కూడా రైతు ఎద్దును కడుగుతాడు, ఎందుకంటే పంట ఎలా వచ్చినా అది దున్నాల్సిన దుక్కి దున్నింది. అంతా బాగుందని చెప్పే పండగ కాదది, నాతోపాటు నువ్వూ కష్టపడ్డావని ఎదురుగా నిలబడి చెప్పే పండగ. నేను మిమ్మల్ని చేయమనేదీ అదే. 'ఉన్నదానికి' అంటూ అన్నిటికీ కలిపి ఒక దండం పెట్టకండి, ఈ మూడు నాలుగు నెలల్లో ఎవరు మీకోసం ఏం చేశారో ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకోండి. డయాలసిస్ దగ్గర మావయ్యగారికి నొప్పి తెలియకుండా సూది గుచ్చే సిస్టర్ ఉండొచ్చు, మీరు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు కూర్చున్నప్పుడు పిల్లల్ని చూసుకున్న పక్కింటావిడ ఉండొచ్చు, మీవారికి ఎక్కడైనా ఖాళీ ఉందేమో అని అడగకుండానే కనుక్కుంటున్న పాత కొలీగ్ ఉండొచ్చు. మీవారి పేరు కూడా రాసుకోండి. ఉద్యోగం పోయిన మనిషి, ఇంట్లో తనవల్ల ఇంకా ఏదో జరుగుతోందని వినడానికి ఎంత ఎదురుచూస్తాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

వాళ్లకి ఎలా చెప్పాలి అంటే, మీరుండే ఊళ్లోనే మంచి పద్ధతి ఉంది. కన్నడిగులు సంక్రాంతికి నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగపప్పు, పుట్నాలపప్పు కలిపి ఎళ్ళు బెల్ల చేస్తారు, చెరుకు ముక్క, పంచదార అచ్చులు జతచేసి ఇంటింటికీ వెళ్లి పంచుతారు. పెద్ద ఖర్చు కాదు. పొట్లాలు కట్టే పని అలిగిన పిల్లలకే అప్పజెప్పండి, ప్రతి పొట్లం మీదా ఎవరికి, ఏం చేసినందుకు అని ఒక్క వాక్యం వాళ్లచేతే రాయించండి, ఇవ్వడానికీ వాళ్లనే తీసుకెళ్లండి. ఊరు గుర్తొచ్చి ఏడిస్తే ఏడవనివ్వండి, కాసేపు తాతయ్యతోనో అమ్మమ్మతోనో వీడియో కాల్ పెట్టండి.

ఒక్క జాగ్రత్త. నువ్వులు, వేరుశనగ, కొబ్బరి, బెల్లం వీటన్నిట్లో పొటాషియమో ఫాస్ఫరసో ఎక్కువ, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి పడదు. మావయ్యగారికి పెట్టేముందు డాక్టరుగారినో డైటీషియన్‌నో అడగండి, పండగే కదా అని మాత్రం పెట్టేయకండి.

ఇంకొకటి, మీకు గానీ మీవారికి గానీ వరసగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, అది కృతజ్ఞతతో తీరే విషయం కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బెంగళూరులోనే మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి కూడా ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: రోజూ పడుకునేముందు మంచి విషయాలు డైరీలో రాస్తున్నాను. మొదట్లో హాయిగా ఉండేది, ఇప్పుడు హోంవర్క్‌లా ఉంది. మానేయనా?
- ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మానేయొద్దు, తగ్గించండి. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లా అనే సైకాలజిస్టులు విద్యార్థులతో వారానికి ఒక్కసారే, ఐదు విషయాల వరకు రాయించారు. చికాకులు రాసినవాళ్లకంటే వీళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారు. ఆ తర్వాత సోన్యా ల్యుబొమిర్స్కీ అనే మరో సైకాలజిస్టు బృందం చూస్తే, వారానికోసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకి కనిపించలేదు. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు, రోజూ రాస్తే 'ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం' అని అవే మూడు మాటలు వస్తాయి, చేయి రాస్తుంది గానీ మనసు అక్కడ ఉండదు. ఆదివారం ఒక్కరోజే రాయండి. ఒక్క మనిషి గురించి, ఏం చేశారో, ఆ పని చేయడానికి వాళ్లు ఏం వదులుకున్నారో నాలుగు వాక్యాలు రాయండి. కుదిరితే సోమవారం వాళ్లకి ఫోన్ చేసి చదివి వినిపించండి.