ఎండిన ఏటికి నీరు వదలమని అడిగే హక్కు ఉందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో పెన్నా ఒడ్డున ఉన్న గ్రామం. ఎగువన ఉన్న పాత జలాశయం నుంచి ఏటిలోకి నీరు వదలకపోవడంతో ఇసుకలోని చెలమలు, తాగునీటి బోర్లు ఎండిపోయాయి. ఆయకట్టుకే నీరు చాలడం లేదని అధికారులు అంటున్నారు. నది కోసం నీరు వదలమని చట్టప్రకారం అడగవచ్చా? — ఒక రైతు

జవాబు: అడగవచ్చు. అయితే ఏ హక్కు కింద, ఏ కాలంలో అడుగుతున్నారన్న దాన్నిబట్టే ఫలితం ఉంటుంది. నది ఒడ్డు భూమి యజమానికి సహజ ప్రవాహం ఆటంకం లేకుండా అందాలన్న హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం గుర్తించినా, నదుల నీటిని నిల్వచేసి పంపిణీ చేసే ప్రభుత్వ అధికారాన్ని అదే చట్టం రెండో సెక్షన్‌లో కాపాడింది కాబట్టి, ఆ హక్కు ఆధారంగా సివిల్ దావా వేయమని నేను చెప్పను. మీకు గట్టి ఆధారం రాజ్యాంగంలోని 21వ అధికరణ. హైదరాబాద్ జంట జలాశయాల కేసులో 2000లో సుప్రీంకోర్టు తాగునీటిని జీవించే హక్కులో భాగంగా చూసింది. సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని బియాస్ నదికి సంబంధించిన కమల్‌నాథ్ కేసులో అంతకు ముందే చెప్పింది.

ప్రతి నదిలోనూ ప్రవాహం తక్కువగా ఉండే కాలపు సగటులో కనీసం 15 నుంచి 20 శాతం ఉండేలా చూడాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో ఆదేశించింది. దయచేసి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. వేసవిలో సహజంగానే ఎండిపోయే ఏటికి ఈ లెక్క వర్తింపజేస్తే, సున్నాలో 20 శాతం సున్నాయే అవుతుంది. అందుకే మీరు కోరవలసింది వానాకాలంలో జలాశయానికి వరద వచ్చినప్పుడు కొన్ని రోజులపాటు ఉధృతంగా వదిలే నీటిని. సన్నగా వదిలిన నీరు గేట్ల దిగువనే ఇసుకలో ఇంకిపోతుంది. ఒక్కసారిగా వదిలినది మీ ఊరి దాకా వచ్చి ఇసుక పొరను నింపుతుంది, ఎండకు ఆవిరయ్యేదీ తక్కువే. కొరత ఉన్న కావేరిలో సైతం ఆ నదీజల వివాదాల ట్రిబ్యునల్ 2007లో మొత్తం 740 టీఎంసీల నుంచి 10 టీఎంసీలను పర్యావరణానికి ప్రత్యేకించిందని మీ పిటిషన్‌లో తప్పక చూపండి.

ముందుగా జలాశయం రోజువారీ ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో లెక్కలను, గేట్ల నిర్వహణ నియమాలను, భూగర్భ జల శాఖ నమోదు చేసిన నీటిమట్టాలను సమాచార హక్కు చట్టం కింద కోరండి. 30 రోజుల్లో ఇవ్వాలి. చెలమ ఎన్ని మూరలు తవ్వితే నీరు పడింది, ఏ బోరు ఏ నెలలో ఆగింది అన్న వివరాలు తేదీలతో, ఫొటోలతో రాసిపెట్టండి. గ్రామసభ తీర్మానాన్ని జతచేసి కలెక్టరుకు, జలవనరుల శాఖ ఎస్‌ఈకి (సూపరింటెండింగ్ ఇంజినీరు) వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. స్పందన లేకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆయకట్టు రైతుల సంఘాన్ని కూడా ప్రతివాదిగా చేర్చండి. వారి వాదన వినకుండా వచ్చిన ఉత్తర్వు నిలవదు, పైగా వారి పంటల కష్టం కూడా నిజమైనదే.

మీ ఊరి దగ్గర యంత్రాలతో ఇసుక తవ్వుతుంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద వెంటనే ఫిర్యాదు చేయండి, ఎందుకంటే ఇసుక లేని ఏటిలో వదిలిన నీరు నిలవదని ప్రభుత్వ న్యాయవాది తప్పక వాదిస్తారు. ఆ విషయమై చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లదలిస్తే, వివాద కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఆ జలాశయం కర్ణాటకలో ఉంటే మాత్రం 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం 11వ సెక్షన్ అడ్డు వస్తుంది, అలాంటి వివాదాలను కోర్టులు విచారించరాదని అది చెబుతుంది. అప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం చేతనే ఆ వివాదాన్ని లేవనెత్తించాలి.