పాత 407 గేర్ బాక్స్‌కి ఏ ఆయిల్? జీఎల్-4, అదీ పక్కన నిలబడి పోయించండి

ప్రశ్న: మా నాన్నగారి పాత టాటా 407కి గేర్ ఆయిల్ మార్చాలి. షాపులో జీఎల్-5 మేలైనది అంటున్నారు. మెకానిక్ ఏమో బాక్స్ సౌండ్ వస్తోంది కాబట్టి 140 పోయమంటున్నాడు. ఏది వేయాలి?

రెండూ వద్దు. జీఎల్-4 రకం, 80డబ్ల్యూ-90 గ్రేడు తీసుకోండి. జీఎల్ నంబరు ఆయిల్‌లో కలిపిన మందుల స్థాయిని చెబుతుంది, 90, 140 లాంటి గ్రేడు చిక్కదనాన్ని చెబుతుంది. బండితో వచ్చిన పుస్తకం ఇంట్లో ఉండి, అందులో వేరే గ్రేడు రాసి ఉంటే పుస్తకం ప్రకారమే వెళ్లండి. షాపువాడి మాట, మెకానిక్ మాట ఆ తర్వాతే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ జీఎల్-5 వల్ల మా ఇంట్లో పడ్డ పాట్లు నాకు తెలుసు. మాది విజయనగరం. మా చిన్నాన్న 407 చాలా ఏళ్లుగా కోరాపుట్ లైనులో తిరుగుతోంది. వెళ్లేటప్పుడు కిరాణా సరుకు, వచ్చేటప్పుడు అల్లం. ఒకసారి సర్వీసుకిస్తే ఆ షాపువాళ్లు గేర్ బాక్స్‌కీ వెనక క్రౌన్‌కీ (వెనక ఇరుసులో చక్రాలని తిప్పే గేర్లకి) ఒకే డబ్బాలోంచి ఆయిల్ పోసేశారు. జీఎల్-5, ఖరీదైనదే. క్రౌన్‌కి అది సరైన ఆయిలే. అక్కడ హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ నడుస్తాయి, ఆ ఒత్తిడికి జీఎల్-5 ఉండాల్సిందే. గేర్ బాక్స్ సంగతి వేరు.

కొన్ని నెలలు తిరక్కుండానే మూడో గేరు నుంచి రెండుకి దింపుతుంటే కరకర మొదలైంది. ముందు బాగా వేడెక్కాక మాత్రమే వచ్చేది, పోనుపోనూ ఎప్పుడు దింపినా అంతే. ఆ డిసెంబరులో నేనూ బండిలో ఉన్నాను. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతున్నాం, సుంకి ఇంకా రాలేదు. నిండు లోడు. మలుపులో చిన్నాన్న రెండో గేరుకి లాగాడు, పడలేదు. క్లచ్ రెండుసార్లు తొక్కి డబుల్ క్లచ్ కొట్టాడు, కర్రుమని రాడ్డు వెనక్కి తన్నింది. అప్పటికే బండి ఊపు చచ్చిపోయింది. వెనక సిమెంటు లారీ హారన్ మీద హారన్. క్లీనర్ కుర్రాడు చెక్క దిమ్మ పట్టుకుని దూకి వెనక చక్రం కింద పెట్టేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. అక్కణ్నుంచి ఒకటో గేరులోనే పాకించుకుంటూ పైకి చేరాం.

వచ్చేటప్పుడు సాలూరులోనే ఆపాం. లారీల ఊరు కాబట్టి పాత బాక్సులు విప్పడంలో అక్కడి మేస్త్రీలకి చేయి తిరిగి ఉంటుంది. మేస్త్రీ ముందు ఆయిల్ దించాడు. డ్రెయిన్ ప్లగ్గు మీది అయస్కాంతానికి కాస్త నల్లటి ముద్ద అంటుకుని ఉంది. అంత ఇనుప రజను ఏ పాత బాక్సులోనైనా ఉంటుంది, దానికి గాబరా పడక్కర్లేదు. ఆ తర్వాత ట్రే తీసుకెళ్లి ఎండలో వంచాడు. ఆయిల్ మీద బంగారు పొడి చల్లినట్టు తళతళ. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కదా, అంతా ఆయిల్‌లోనే తేలుతోంది. బాక్సు విప్పి రెండో గేరు ఇత్తడి సింక్రో రింగు తీసి, కొత్త రింగు పక్కన పెట్టి చూపించాడు. కొత్తదాని లోపలి వైపు సన్నటి గాళ్లు గోటికి తగులుతున్నాయి. పాతది గాజులా నున్నగా ఉంది. "రేటు సూసి ఆయిలేసీడం ఏటి బావూ, గేరు బాక్సు ఏటడుగుతందో సూడాల గానీ" అన్నాడు.

ఆ గాళ్లతోనే ఉంది సంగతంతా. కదులుతున్న బస్సు ఎక్కే మనిషి ముందు బస్సుతో పాటు నాలుగడుగులు పరుగెడతాడే, గేరుకి ఆ పరుగు నేర్పేది ఈ ఇత్తడి రింగు. అది గేరు మీది శంకువు ఆకారపు కోన్‌ని పట్టుకుని రాపిడితో గేరుదీ షాఫ్టుదీ వేగం కలపాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే పట్టు దొరకదు, వేగం కలవకముందే పళ్లు తగులుకుంటాయి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన ఒత్తిడి మందులు జీఎల్-4లో కన్నా దాదాపు రెట్టింపు ఉంటాయి. ఉక్కుకి అవి రక్ష. వేడి మీద ఆ గంధకం ఇత్తడినీ కంచునీ తినేస్తుంది. ఇత్తడికి హాని చేయని జీఎల్-5లు ఇప్పుడు వస్తున్నాయనీ, జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసిన డబ్బాలు దొరుకుతున్నాయనీ కొందరంటారు. కొత్త బండి ఉన్నవాళ్లు ప్రయత్నించుకోవచ్చు. రింగులు దొరకడమే గగనమైన పాత బండి మీద ప్రయోగాలు నేను ఒప్పుకోను.

రింగులు వయసుకి కూడా అరుగుతాయని ఆ సర్వీసు షాపువాళ్లు వాదించారు. అరుగుతాయి. అన్నేళ్లు సాఫీగా పడ్డ గేరు, ఆయిల్ మార్చిన కొన్ని నెలలకే మొరాయిస్తే కారణం ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త రింగులు, బేరింగు వేసి జీఎల్-4 పోశాక ఇప్పటిదాకా మళ్లీ ఆ చప్పుడు వినలేదు.

ఇక 140 సంగతి. చిక్కటి ఆయిల్ పోస్తే సౌండ్ తగ్గుతుంది, నిజమే. అరిగిన బేరింగు మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది, మీకు వినిపించదంతే. 100 డిగ్రీల వేడి దగ్గర 90 గ్రేడు చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి, 140 గ్రేడుది 24 పైన మొదలవుతుంది. చలికాలం తెల్లవారుజామున ఆ జిగురులో రింగు కోన్‌ని పట్టుకోవడానికే టైము పడుతుంది, గేరు మొండికేస్తుంది. ఇంజిన్ ఆయిల్ 40 కదా, గేర్ ఆయిల్ 90 అంటే రెట్టింపు చిక్కన అనుకునేవాళ్లు చాలామంది. ఆ కొలతలు వేరు, ఈ కొలతలు వేరు. 90 గేర్ ఆయిల్ వేడి మీద ఇంచుమించు 40, 50 ఇంజిన్ ఆయిల్ అంత పలచగానే ఉంటుంది.

నాకు ఒళ్లు మండే విషయం ఇంకోటుంది. డబ్బా మూతలో కూపన్ ఉన్న ఆయిలే మంచి ఆయిల్ అయిపోతోంది. కూపన్ మెకానిక్‌కి, రిపేరు ఖర్చు ఓనరుకి. అంతకన్నా ఘోరం డ్రమ్ములోంచి లూజుగా కొలిచి ఇచ్చేది. దాని మీద జీఎల్ అని గానీ గ్రేడు గానీ ఏమీ ఉండదు, ఏం పోశారో ఆ దేవుడికే తెలియాలి. సీలు డబ్బా మీరే కొనండి, జీఎల్-4 అన్న అక్షరాలు చదివాకే డబ్బులివ్వండి. క్రౌన్‌కి జీఎల్-5 డబ్బా వేరుగా తెచ్చుకోండి.

మార్చే రోజు బండి కాస్త తిప్పి ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించమనండి. ముందు పక్కనున్న ఫిల్లర్ ప్లగ్గు ఊడుతుందో లేదో చూశాకే కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పాలి. పాత బండిలో ఫిల్లర్ బిగుసుకుపోతే ఉన్న ఆయిల్ పోయి, కొత్తది పోసే దారి లేక బండి అక్కడే పడుంటుంది. సమతలంగా నిలబెట్టి, ఫిల్లర్ బెజ్జం అంచు నుంచి కారేదాకా పోయించండి. వానాకాలంలో కల్వర్టుల మీది నీళ్లలో బండి దిగిందా, దించిన ఆయిల్ రంగు చూడండి. పాలు కలిపినట్టుంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. పైనున్న బ్రీదర్ (గాలి పోయే బెజ్జం), సీళ్లు చూపించుకోకుండా కొత్త ఆయిల్ పోయించినా దండగే.

ఆయిల్ కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేయండి. అప్పుడు కూడా కరకరమంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదు, ఏ ఆయిల్ పోసినా అది తగ్గదు. రివర్స్ మెత్తగా పడి, రెండో మూడో గేర్లు మాత్రమే ఏడిపిస్తుంటే బాక్సు లోపల చూడాలి. మీ బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తోందా, వేడెక్కాకా? ఇప్పుడు లోపల ఏ ఆయిల్ ఉందో నాన్నగారికి గుర్తుంటే అది కూడా అడిగి కామెంటులో రాయండి.