ఇంటి రక్షణకు ఏ తుపాకీ, ఏ తూటా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె. ఊరి చివర ఇల్లు, చుట్టూ రొయ్యల చెరువులే. పట్టుబడి రోజుల్లో ఇంట్లో డబ్బుంటుంది. రక్షణకు లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నాను. రివాల్వర్ మంచిదా, రైఫిలా, డబుల్ బ్యారెలా? తూటాలు ఏవి కొనాలి?

జవాబు: పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల షాట్‌గన్, గుళ్ల తూటాలు పేల్చేది) తీసుకోండి. ముందు రైఫిల్ మాట మరిచిపోండి. .315 రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది. మన డెల్టాలో దాన్ని ఆపే కొండా లేదు, గుట్టా లేదు. ఉన్నవి చెరువు మకాములు, వాటిలో పడుకున్న కాపలా మనుషులు. .32 రివాల్వర్ చేతికి తేలిక. అయితే పొట్టి గొట్టం, గట్టి ట్రిగ్గర్. సాధన లేని చేతికి చీకట్లో, కంగారులో నాలుగు గజాల దూరంలో కూడా గురి తప్పుతుంది. పైగా 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి బోర్ (లోపల గాడులు లేని, పన్నెండు బోర్ లాంటి) తుపాకీని రక్షణ కోసం అడిగితే, అభ్యంతరాలేవీ లేనప్పుడు లైసెన్స్ ఇవ్వాలి. రివాల్వర్‌కైతే తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. తర్వాత ఎవరో చెప్పారని గొట్టం కోయించకండి, అది వేరే నేరం.

దరఖాస్తు ఫారం ఎ-1లో, మీ జిల్లా కలెక్టరేట్‌కు. వయసు 21 నిండాలి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు ఐదేళ్లు. తూటాలు ఎన్ని కొనవచ్చో, ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది.

పాత తుపాకీ కొంటుంటే గొట్టాలు విప్పించి అడుగుభాగం చూడండి. గది (గొట్టంలో తూటా కూర్చునే చోటు, ఛాంబర్) పొడవు 65 అని గానీ 70 అని గానీ మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది (రెండున్నర, రెండుముప్పావు అంగుళాలు). ఇక్కడే చాలామంది మోసపోతారు. తూటా మీద రాసే పొడవు పేలి, మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. అందుకే 70 తూటా 65 గదిలో ఇబ్బంది లేకుండా దూరిపోతుంది, తుపాకీ మామూలుగానే మూసుకుంటుంది. పేల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. పాత గొట్టం దాన్ని తట్టుకోకపోవచ్చు. మూసిన తుపాకీని పట్టుకుని ఊపితే కీలు దగ్గర కదలిక గానీ చప్పుడు గానీ ఉండకూడదు. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే లోపల తుప్పు గుంటలు, సొట్టలు కనిపించకూడదు. సేఫ్టీ మీద నమ్మకం పెట్టుకోకండి. చాలా తుపాకుల్లో అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, కింద పడితే పేలవచ్చు.

తూటా విషయానికొస్తే ఎస్‌జీ, అంటే పెద్ద గుళ్ల రకం. ఒక్కో గుండు ఎనిమిది మిల్లీమీటర్లకు కాస్త పైనే ఉంటుంది. సన్న గుళ్ల నంబర్ 4, 6 తూటాలు పిట్టలకు. షాట్‌గన్‌కు గురి అక్కర్లేదన్నది అబద్ధం. ఇంటి గదిలో నాలుగైదు గజాల దూరానికి గుళ్లు పిడికెడు మేరకే విచ్చుకుంటాయి. అవి తడికనూ పలకల తలుపునూ దాటిపోతాయి, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కూడా ఆపుతుందన్న భరోసా లేదు. తూటా మార్చితే ఈ చిక్కు తీరదు. పిల్లలు ఏ గోడ వెనుక పడుకుంటారో, పక్కింటి వసారా ఎటుందో చూసుకుని, ఏ దిక్కుకు పేల్చకూడదో పగటిపూటే నిర్ణయించుకోండి.

రాత్రి అలికిడైతే టార్చీ పట్టుకుని గట్టు మీదికి వెళ్లకండి. మీవాళ్లందర్నీ ఒకే గదిలోకి చేర్చి, తలుపు వేసి, 112కు ఫోన్ చేయండి. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. ప్రాణానికి ముప్పుంటేనో, రాత్రి తలుపు పగలగొట్టి లోపలికొస్తేనో హక్కు గట్టిది. అయినా అవసరానికి మించి హాని చేయకూడదు. పారిపోతున్న వాణ్ణి వెనకనుంచి కాలిస్తే మీరే ముద్దాయి. రొయ్యల దొంగ మీద తుపాకీ ఎత్తే పని అసలు పెట్టుకోవద్దు. పట్టుబడి డబ్బు ఆరోజే బ్యాంకులో పడేలా కొనేవాళ్లతో మాట్లాడుకోండి.

ప్రశ్న: నరసాపురంలో సముద్రానికి దగ్గర్లో ఉంటాం. తుపాకీ, తూటాలు తోలు సంచిలో పెట్టాను. వానాకాలం దాటేసరికి కాగితపు తూటాలు గదిలోకి దూరడం లేదు, ఇత్తడి పచ్చబడింది. నూనె రాస్తే సరిపోతుందా?

జవాబు: తూటాకు నూనె రాయకండి. అది క్యాప్‌లోకి (తూటా అడుగున నిప్పు పుట్టించే మూత) దిగితే మందు చచ్చిపోతుంది, తూటా పేలదు. ఉబ్బినవాటిని చెక్కి, నొక్కి దూర్చకండి. పేలిన తర్వాత గొట్టంలోనే ఇరుక్కుంటాయి. పచ్చబడినవీ, వరద నీటిలో నానినవీ ఎండబెట్టి వాడొద్దు. లైసెన్స్ ఉన్న డీలర్‌తోనో పోలీస్ స్టేషన్‌లోనో మాట్లాడి అప్పగించండి. కాలువలో పారేయకండి. ఇకమీదట ప్లాస్టిక్ తొడుగు తూటాలు కొని, బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి.

తోలు నెమ్ము పీల్చి ఇనుముకు పూస్తుంది. తుపాకీని అందులోంచి తీసి, విప్పి, స్టీలు బీరువాలో తాళం వేయండి. తూటాలు వేరే తాళంలో, ఆ తాళంచెవి మీ దగ్గరే. ఉప్పుగాలికి వారానికోసారి పలచగా నూనె గుడ్డతో తుడవాలి. తూటా పెట్టే ముందు గదిని మాత్రం పొడిగుడ్డతో తుడవండి. నొక్కినా పేలకపోతే గొట్టం మూతి క్షేమమైన దిక్కుకే ఉంచి, కనీసం అర నిమిషం ఆగి అప్పుడు తెరవండి. మందు ఆలస్యంగా అంటుకోవడం ఉంది.

ప్రశ్న: రాజోలు దగ్గర మా నాన్నగారు పోయారు. ఆయన లైసెన్స్ తుపాకీ పెట్టెలో ఉంది. దినాలు అయ్యాక చూసుకోవచ్చా?

జవాబు: ఆగకండి. లైసెన్స్ ఆయనతోనే ముగిసింది. ఇప్పుడు అది మీ ఇంట్లో లైసెన్స్ లేని ఆయుధం. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ తూటాలతో సహా జమ చేసి రసీదు తీసుకోండి. ఆ తర్వాత మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రాలతో మీ పేర దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు.

ప్రశ్న: లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ గన్ ఇంటికి సరిపోదా? (ముమ్మిడివరం)

జవాబు: సరిపోదు. లైసెన్స్ మినహాయింపు ఉన్నది 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నవాటికే. అది మనిషిని ఆపదు, కన్ను మాత్రం పోగొడుతుంది. ఆ డబ్బుతో పెరటి తలుపుకు లోపలి గడియ, వసారాకూ కొబ్బరితోట వైపుకూ లైట్లు పెట్టించండి.