విజయవాడ బోరు నీళ్ల వల్లే జుట్టు ఊడుతోందా?

పటమటకు మారిన దగ్గర్నుంచి మీకూ, మీ చెల్లెలికీ జుట్టు ఊడుతోందని, బోరు నీళ్లే కారణమా అని అడిగారు. మాది గుంటూరు. మా ఇంట్లోనూ అందరూ ముందు నీళ్లనే అన్నారు. ఉప్పు నీళ్లకు వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగొచ్చు గానీ, మొదలంటా ఊడుతుంటే కారణం చాలావరకు ఒంట్లోనే ఉంటుందండి.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. ఉన్నట్టుండి దువ్వెన నిండా వస్తుంటే, అంతకు రెండు మూడు నెలల ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నాకు డెంగీ తగ్గి, ఆ సంగతే మర్చిపోయాక, తల మీద చెయ్యి పెడితే చాలు కుచ్చులు వచ్చేవి. జ్వరంలో ఊడనిది ఇప్పుడు ఊడటమేంటని హడలిపోయాను. కొత్తపేటలో చర్మ డాక్టరమ్మ వివరంగా చెప్పారు: ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారే ఎదగడం ఆపేస్తాయి, రాలడం మాత్రం రెండు మూడు నెలలకు మొదలవుతుంది. టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం, తీవ్రమైన టెన్షన్ తర్వాతా ఇంతే. కుదుళ్లు దెబ్బతినవు కాబట్టి సాధారణంగా ఆరు నెలల్లో తగ్గుముఖం పడుతుంది. నాకు ఐరన్ కూడా తక్కువని తేలితే మాత్రలు రాశారు. జుట్టు మళ్లీ వచ్చింది.

మీ చెల్లెలికి హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా) సంగతి కూడా అడగాలి. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు ముందే చెప్పమనండి, వాటి వల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

మీది వేరేలా ఉంది. నుదుటి మూలలూ, మాడూ పలచబడుతున్నాయంటే వంశపారంపర్యంగా, డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావంతో వచ్చే బట్టతల అయి ఉండొచ్చు. నాన్నగారిదే కాదు, అమ్మ వైపు నుంచి కూడా వస్తుంది. ఆడవాళ్లలో ఇదే పాపిట వెడల్పవడంగా కనిపిస్తుంది. మా తమ్ముడు ఎవరు ఏ నూనె చెబితే అది రాస్తూ ఏళ్లు గడిపేశాడు, ఈలోగా మాడంతా ఖాళీ అయింది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మందులు ఉన్న జుట్టును నిలబెట్టగలిగినంతగా, పూర్తిగా పోయినదాన్ని తెప్పించలేవు. తలకు రాసే మినాక్సిడిల్ మందు మొదలుపెట్టిన కొత్తలో ఇంకాస్త రాలొచ్చు, కంగారుపడి ఆపకండి. తేడా తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, మానేస్తే మళ్లీ పలచబడుతుంది. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టెరైడ్ మాత్రలు డాక్టరు రాస్తేనే వాడండి. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన మాత్రను తాకనివ్వకండి.

హెల్మెట్ వల్ల బట్టతల రాదు. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నదీ నిజం కాదు, కుదుళ్లు చర్మం లోపలే ఉంటాయి కదా. గుండ్రంగా మచ్చలా ఊడే పేనుకొరుకుడు కూడా పురుగు పని కాదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేయడం. దానికి ఉల్లిపాయ రుద్దుతూ కూర్చోకుండా చర్మ డాక్టరుకు చూపించాలి. ఊడిన చోట మంట, చీము ఉన్నా, చర్మం నున్నగా మెరుస్తున్నా ఈ వారమే వెళ్లండి, అలాంటి వాటిలో కుదురు శాశ్వతంగా పోవచ్చు.