అడవిని పైనుంచి చూసే ఉద్యోగంలో చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నల్లమల, పాపికొండల అడవులను ఉపగ్రహ చిత్రాల్లో గమనించే ఉద్యోగంలో చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. నా సర్వీసంతా ఆ చిత్రాల ముందే గడిచింది కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

వేసవిలో టెన్షన్ పడకు. నల్లమల ఆకు రాల్చే అడవి. డిసెంబరు చిత్రం పక్కన ఏప్రిల్ చిత్రం పెడితే కొండంతా నరికేశారేమో అనిపిస్తుంది. టేకు ఆకు రాల్చింది, అంతే. ఏ నెల చిత్రాన్ని అదే నెల చిత్రంతో పోల్చు. వెదురు పూసి గుంపంతా ఎండినా, నేల మంట పాకి బూడిద మిగిలినా తెర మీద దాదాపు అలాంటి మచ్చే పడుతుంది.

అసలు తంటా వానాకాలంలో. మబ్బు పట్టిందంటే మామూలు కెమెరాకు పాపికొండలు లేనట్టే. అప్పుడు రాడార్ చూడాలి, అంటే ఉపగ్రహమే రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటితో తయారుచేసే చిత్రం. యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 మబ్బుల్లోంచి చూస్తుంది కానీ, దాని తరంగం చాలావరకు పై ఆకుల దగ్గరే ఆగిపోతుంది. 2025 జూలైలో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో-నాసా ఉపగ్రహం నైసార్‌లో ఎల్-బ్యాండ్ అనే పొడవాటి తరంగాల రాడార్ ఉంది. ఆ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు, అది కొమ్మలు, మొదళ్ల దాకా దిగుతుంది. నైసార్ 12 రోజులకోసారి అదే దారిన వస్తుంది. అయితే నిటారు కొండల్లో రాడార్‌కు ఎదురుగా ఉన్న వాలు వెలిగిపోయి, అవతలి వాలు నీడలో పడుతుంది. ఆ నీడను చూసి అడవి పోయిందనుకోకు.

శేషాచలంలో ఎర్రచందనం దొంగల్ని పైనుంచి పట్టిస్తానని మాత్రం ఏ అధికారికీ మాటివ్వకు. వాళ్లు ఇక్కడొక చెట్టు, అక్కడొక చెట్టు కొడతారు. చిత్రంలో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, నేల మీద పది మీటర్లు; దానికి అది అందదు.

ఇక పోడు. దీని గురించే ఈ ఉత్తరం రాయాలనిపించింది. కొండ మీద కొత్త మచ్చ కనబడగానే "ఆక్రమణ" అని రాసేయడం మన ఆఫీసుల్లో పాత అలవాటు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి ఆ నేల మీద హక్కు ఉంది. పోడు నేలను కొన్నేళ్లు బీడు వదిలేస్తారు, పొదలు పెరుగుతాయి. ఆనాటి చిత్రంలో పచ్చగా ఉందంటే అక్కడ ఎవరూ దున్నలేదని కాదు. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012 నాటి సవరణ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి "చెట్ల కప్పు తగ్గింది" అని మాత్రం రాయి. ఎవరు, ఎందుకు అన్నది ఊళ్లోకి వెళ్లి, కొండరెడ్ల పెద్దలనీ బీట్ ఆఫీసర్నీ ఇద్దరినీ అడిగాక రాయి. ఒక్కరినే అడిగితే సగమే తెలుస్తుంది.

నీ హెచ్చరిక ఎవరి చేతికి, ఎన్ని రోజుల్లో చేరుతోందో చేరిన వారంలోనే కనుక్కో. బ్రెజిల్ వాళ్లు 2004లో డెటర్ అనే హెచ్చరికల వ్యవస్థ పెట్టారు, తర్వాత మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహ చిత్రాలూ అందులో వాడారు. 2004లో వాళ్ల అమెజాన్‌లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పోయిన అడవి, 2012లో 5 వేల లోపుకు దిగింది. హెచ్చరిక అందగానే మనుషులు కదిలారు, అడవి కొట్టేవాళ్లకు బ్యాంకు అప్పులు బిగించారు. ఉపగ్రహం ఒక్కటే అయితే అది జరిగేది కాదు.

అమ్రాబాద్ వైపు వెళ్లేటప్పుడు అటవీశాఖ అనుమతి ముందే తీసుకో. మ్యాపులు ఫోన్‌లో దించుకుని వెళ్లు, మన్ననూరు దాటాక సిగ్నల్ సరిగా ఉండదు.

ఇట్లు,
పెదనాన్న